ఫ్లింట్‌లాక్ వేటకి పాతకాలం బట్టలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది తూర్పు పెన్సిల్వేనియాలో, బ్లూ మౌంటెన్ దగ్గర్లో. ఏటా క్రిస్మస్ మర్నాటి నుంచి చెకుముకి రాయి తుపాకీ పట్టుకుని జింకల కోసం అడవిలో తిరుగుతుంటా, అది కూడా 1770ల నాటి బట్టల్లో. మనవాళ్ళు ఎక్కడ కలిసినా అడిగిందే అడుగుతున్నారు, ఇంక ఒకచోట రాసి పెడితే అయిపోద్ది కదా అని ఇది.

మజిల్‌లోడర్ అంటే మన ఊళ్ళల్లో ఉండే నాటు తుపాకీయేనా?

సూత్రం అదే. మూతి వైపు నుంచి మందు పోసి, గుడ్డ ముక్కలో చుట్టిన సీసం గుండు పెట్టి, కడ్డీతో కిందకి దిగగొట్టి కాలుస్తాం. నాది ఫ్లింట్‌లాక్, అంటే గుర్రానికి (ట్రిగ్గర్ నొక్కితే ముందుకి కొట్టే సుత్తి లాంటిది) చెకుముకి రాయి బిగించి ఉంటది, ట్రిగ్గర్ నొక్కితే ఆ రాయి ఉక్కు పలకని గీరి నిప్పురవ్వలు రాల్చుద్ది, ఆ రవ్వలు పక్కనున్న చిన్న గిన్నెలో మందుని అంటిస్తే అక్కడి నుంచి చిన్న కంతలోంచి మంట లోపలికి పోయి అసలు మందు పేలుద్ది. బ్లాక్ పౌడర్ ని "నల్లమందు" అని రాద్దామనుకున్నా గానీ మన భాషలో దానికి అర్థం వేరే ఉంది, పోలీసులు ఇంటికొస్తారు, కాబట్టి ఇక్కడంతా "తుపాకి మందు" అనే రాస్తున్నా.

ఈ బట్టలు వేసుకోవాలని రూల్ ఉందా?

లేదు. రూల్ తుపాకీకే గానీ బట్టలకి లేదు. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే ఫ్లింట్‌లాక్ సీజన్ 1974లో మొదలైంది. అందులో ఫ్లింట్‌లాకే ఉండాలి, రాయికి బదులు చిన్న పేలుడు టోపీ పెట్టే క్యాప్‌లాక్ కూడా పనికిరాదు, క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వెడల్పు, కనీసం .44 అంగుళాలు ఉండాలి. జీన్స్, జాకెట్ వేసుకుని వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు, ఎక్కువ మంది అలాగే వస్తారు.

మరి నీకెందుకు బ్రో ఈ వేషం?

ఒకసారి పొద్దున్నే పెట్రోల్ కొట్టించుకుంటుంటే మన తెలుగాయన ఒకరు పక్కన కారు ఆపి నన్ను కింద నుంచి పైదాకా చూసి "అన్నా, పగటి వేషాలకి ఎక్కడికైనా పిలిచారా" అని అడిగారు. పేరు బాగుంది గానీ నేను ఆయనకి చెప్పిందే ఇక్కడా చెప్తున్నా, నాకిది వేషం కాదు. మొదటి రెండేళ్ళు నేను మామూలు క్యామో (అడవిలో కలిసిపోయే మచ్చల) బట్టల్లోనే వెళ్ళా. ప్రతిసారీ ఏదో ఒకటి కుదిరేది కాదు. మందు నింపిన కొమ్ము ఎక్కడ తగిలించాలి, చేతులు జిడ్డు అయితే ఎక్కడ తుడవాలి, గుండు ఎక్కడ పెట్టుకోవాలి, జిప్పులున్న జేబులో చలికి బిగుసుకుపోయిన వేళ్ళతో ఏదీ దొరకదు. మూడో ఏడు పాతకాలం షర్టు, సంచి వేసుకుని వెళ్తే ఇదంతా దానంతటదే సర్దుకుపోయింది. ఆ తుపాకీ, ఆ బట్టలు ఒకే కాలంలో ఒకే పని కోసం తయారైన జోడీ అని అప్పుడు అర్థమైంది. తాళం పాతదైతే చెవి కూడా పాతదే కావాలి కదా.

పీరియడ్ కరెక్ట్ అంటే ఎంతవరకు?

దీన్ని మావాళ్ళు "పీసీ" అంటారు. ముందు ఒక మనిషిని అనుకోవాలి: ఏ ఏడు, ఏ ఊరు, ఏం పని చేసేవాడు. "పాతకాలం" అని ఒక కాలం ఎక్కడా లేదు. నాది 1775 ప్రాంతం, బెర్క్స్ కౌంటీలో ఉండే ఒక మామూలు రైతు, చలికాలం వేటకి వెళ్తాడు. అందుకే నా రైఫిల్ కూడా ఇక్కడి లాంగ్ రైఫిల్ కి నకలు. లాంకాస్టర్, బెర్క్స్, నార్తాంప్టన్ వైపు జర్మన్ మాట్లాడే కమ్మరులు చేసిన రకం అది, తర్వాత జనం దానికి కెంటకీ రైఫిల్ అని పేరు పెట్టేశారు, చేసింది ఇక్కడ, పేరు అక్కడికి పోయింది. నాజరెత్ పక్కన బోల్టన్ లో లాంగ్‌రైఫిల్ మ్యూజియం ఉంది, బట్టలు కుట్టించుకునే ముందు అక్కడికి ఒకసారి వెళ్ళండి, అసలు తుపాకులు చూస్తే మీ మనిషి ఎవరో మీకే తట్టుద్ది.

కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు ఏంటంటే తుపాకీ 1775ది, బట్టలు పడమటి రాకీ మౌంటెన్స్ లో బొచ్చు కోసం బీవర్ అనే జంతువుల్ని పట్టేవాళ్ళవి. వాళ్ళ రాండేవూలు, అంటే ఏడాదికోసారి బొచ్చు అమ్ముకోడానికి కలిసే సంతలు, జరిగింది 1825 నుంచి 1840 దాకా, మధ్యలో యాభై ఏళ్ళు, కొన్ని వేల కిలోమీటర్లు తేడా. అల్లూరి సీతారామరాజు వేషం వేసి చేతిలో శ్రీకృష్ణదేవరాయల కత్తి పట్టుకున్నట్టు ఉంటది.

తోలు బట్టలు, తోకున్న రకూన్ (చారల తోక జంతువు) బొచ్చు టోపీ కావాలా?

వద్దు. ఆ టోపీ పిచ్చి 1950ల టీవీ నుంచి వచ్చింది. ఆ కాలం పేరున్న వేటగాడు డేనియల్ బూన్ కి ఆ టోపీ నచ్చేదే కాదు, ఆయన పెట్టుకుంది ఫెల్ట్ హ్యాట్. అంచు ఉన్న ఉన్ని ఫెల్ట్ టోపీ వర్షాన్ని మెడ మీద పడనీయదు, గిన్నెలో మందు పోసేటప్పుడు తల వంచితే దాని మీదకి గొడుగులా కూడా వస్తది. బొచ్చు టోపీకి ఈ రెండు పనులూ చేతకావు, పైగా చెట్ల మధ్య బొచ్చు కదులుతుంటే అవతలి వేటగాడికి అది జంతువులా కనపడుద్ది.

తోలు ప్యాంటు, తోలు షర్టు సంగతీ అంతే. ఎండిన జింక తోలు రంగు ఏంటో ఒకసారి ఆలోచించండి. జింకల సీజన్ లో జింక తోలు కప్పుకుని పొదల్లో వంగి నడవటం... ఇంక నేను చెప్పను. తడిస్తే అది సాగుతది, ఒంటికి అతుక్కుంటది, ఆరాక అట్టలా బిగుసుకుంటది. ఇక్కడి పాతకాలం రైతులు ఎక్కువగా వేసుకుంది నార బట్ట, ఉన్నే.

హంటింగ్ షర్ట్ గురించి కాస్త వివరంగా చెప్పండి.

ఇది చెప్పటం మొదలుపెడితే నేను ఆగను. తొడల సగం దాకా వచ్చే వదులు చొక్కా, ముందు పూర్తిగా తెరిచి ఉంటది, బొత్తాలు ఉండవు, ఒక అంచు మీద ఇంకో అంచు అడుగు పైనే మడత పడేంత వెడల్పు, దాని మీద నడికట్టు బిగిస్తారు. భుజాల మీద ఇంకో చిన్న కేప్. అంచులన్నీ దారాలు పీకి కుచ్చుల్లా వదిలేస్తారు. బట్ట ముతక నార, లేకపోతే నార, ఉన్ని కలిపి నేసిన లిన్సీ.

జోసెఫ్ డాడ్రిడ్జ్ అని ఒక పాస్టర్ గారు, అప్పటి పడమటి సరిహద్దు ఊళ్ళల్లో చిన్నప్పుడు పెరిగిన మనిషి, 1824లో ఆ జీవితం గురించి రాశారు. రొమ్ము దగ్గర మడతని వాళ్ళు సంచిలా వాడేవాళ్ళట: రొట్టె ముక్క, ఎండు మాంసం, తుపాకీ గొట్టం తుడిచే నార పీచు అన్నీ అందులోనే. మన అమ్మమ్మలు నడుం దగ్గర చీర మడతలో చిల్లర, తమలపాకులు దోపుకునేవాళ్ళే, అచ్చం అదే ఐడియా. నేను అందులో తుడిచే పీచు, రెండు చపాతీలు పెట్టుకుంటా. చపాతీ పీసీ కాదని నాకు తెలుసు.

1776 జులైలో జార్జ్ వాషింగ్టన్ తన సైన్యానికి ఇచ్చిన ఆర్డర్ లో ఈ చొక్కాని మెచ్చుకున్నాడు. చవక, ఎండాకాలం చల్లగా ఉంటది, చలికాలం లోపల ఇంకో జత వేసుకుంటే వెచ్చగా ఉంటది, ఇంకో లాభం ఏంటంటే ఇది వేసుకున్న ప్రతివాడూ గురి తప్పని వేటగాడని శత్రువు భయపడతాడు. నన్ను చూసి మాత్రం జింకలు అలాంటి భయమేమీ పెట్టుకోలేదు.

ఎందుకో చెప్తా. మొదటి షర్టు కుట్టించుకున్నప్పుడు సరదాగా చేతి అంచుకి జానెడు కుచ్చులు పెట్టించా. పోయిన డిసెంబర్ కి ముందు డిసెంబర్, ఓక్ చెట్టుకి ఆనుకుని కూర్చున్నా, ఒక ఆడ జింక 40 గజాల్లో వచ్చి నిలబడింది. నెమ్మదిగా గుర్రం వెనక్కి లాగా, ఒక కుచ్చు దారం వెళ్ళి రాయికీ దాన్ని పట్టుకునే దవడకీ మధ్య ఇరుక్కుంది. నేను చూసుకోలేదు. ట్రిగ్గర్ నొక్కితే గుర్రం సగం దూరం వెళ్ళి దారం మీద వేలాడుతూ ఆగిపోయింది, "టక్" అని కూడా కాదు, "చీక్" అని ఒక శబ్దం. జింక చెవులు తిప్పి నన్ను చూసింది, నేను దాన్ని చూశా, అది తీరిగ్గా వెళ్ళిపోయింది. ఆ రాత్రే కత్తెర తీసుకుని చేతి కుచ్చులన్నీ వేలి గోరంత పొడవుకి కత్తిరించా. భుజాల మీదవి ఎంత పొడుగున్నా పర్లేదు, లాక్ (గుర్రం, గిన్నె ఉండే భాగం) దగ్గరికి వచ్చేవి మాత్రం వద్దు.

రంగు?

ఇంట్లోనే వేశా. నల్ల వాల్‌నట్ కాయల పచ్చి తొక్కలు బకెట్ నీళ్ళల్లో మూడు నాలుగు రోజులు నానబెట్టి ఉడకబెడితే గోధుమ రంగు వస్తది, పటిక కూడా అక్కర్లేదు. ఉన్ని బాగా పట్టుకుంటది, నార కాస్త లేతగా పడుద్ది. గ్లవ్స్ వేసుకోండి, నేను వేసుకోకుండా రెండు వారాలు ఆఫీస్ లో చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగా. గిన్నె కూడా వంటింట్లోది వాడకండి, వాల్‌నట్ మరక గురించి మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంటది.

కాళ్ళకి ఏం వేసుకోవాలి? మొకాసిన్లు (మెత్తటి తోలు జోళ్ళు) తప్పదా?

మోకాళ్ళ దాకా వచ్చే బ్రీచెస్, వాటి మీద ఉన్ని లెగ్గింగ్స్. ఈ లెగ్గింగ్స్ అంటే ఆడపిల్లలు వేసుకునేవి కాదు, చీలమండ నుంచి తొడ దాకా వచ్చే రెండు విడి గొట్టాలు, మోకాలి కింద పట్టీతో కడతారు, ముళ్ళు గీరుకోకుండా, మంచు లోపలికి దూరకుండా. కొంతమంది బ్రీచెస్ మానేసి గోచీ కట్టి దాని కింద లెగ్గింగ్స్ వేస్తారు, అదీ కరెక్టే, జనవరిలో గోచీ నావల్ల మాత్రం కాదు. గోచీ, లెగ్గింగ్స్, మొకాసిన్లు మూడూ తెల్లవాళ్ళు ఇక్కడి లెనాపే, షానీ లాంటి మూలవాసుల దగ్గర నేర్చుకున్నవే. నేను తిరిగే ఈ నేలంతా లెనాపేలదే, 1737లో వాకింగ్ పర్చేజ్ అనే మోసపు ఒప్పందంతో ఇక్కడికి దగ్గర్లోనే వాళ్ళ భూమి చాలా లాగేసుకున్నారు. అందుకే వాళ్ళ వస్తువులు వాడిన రైతులా తయారవుతా గానీ ఈకలు, ముఖానికి రంగులు పెట్టుకుని వాళ్ళలా నటించను. ఇది నా లెక్క, ఎవరి మీదా రుద్దను.

మొకాసిన్ల సంగతి. ఎండిన రోజు వాటిని మించినవి లేవు, కాలి కింద పుల్ల విరగబోతుందని ముందే అరికాలికి తెలిసిపోద్ది. తడి రోజు మాత్రం అదే పాస్టర్ గారు రాసినట్టు, మొకాసిన్లు వేసుకోవటం అంటే మర్యాదగా చెప్పులు లేకుండా నడవటమే. చలికి అప్పటివాళ్ళు లోపల జింక వెంట్రుకలో, ఎండుటాకులో కుక్కుకునేవాళ్ళు. నేనూ ఆకులు కుక్కుకుని వెళ్ళా ఒకసారి. గంటలో వాగు దాటాల్సి వచ్చింది, ఇంకో అరగంటకి ఎడమ కాలి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు, కారులో హీటర్ పెట్టుకుని కూర్చుంటే తిమ్మిరి వదిలేటప్పుడు వచ్చిన నొప్పికి కళ్ళల్లో నీళ్ళు. ఇప్పుడు మంచు పడితే మామూలు రబ్బర్ బూట్లే, పైన లెగ్గింగ్స్ కప్పేస్తా. వేళ్ళు పోతే మళ్ళీ మొలవవు.

చలికి తట్టుకోగలరా అసలు?

ఉన్ని ఉంటే తట్టుకోవచ్చు. తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు, అదే దాని గొప్ప. మాది పాలమూరు వైపు, మా తాత గొంగడి మీద వాన పడితే దులిపి మళ్ళీ కప్పుకునేవాడు, ఎండకీ అదే, చలికీ అదే, పడుకోవడానికీ అదే. ఇక్కడ మ్యాచ్‌కోట్ అని ఒక ఉన్ని దుప్పటి భుజాల మీద కప్పుకుని నడుం దగ్గర బెల్ట్ వేస్తారు, మొదటిసారి చూసినప్పుడు నాకు తాతే గుర్తొచ్చాడు. వరస ఇలా: నార చొక్కా, ఉన్ని వెయిస్ట్‌కోట్, దాని మీద హంటింగ్ షర్ట్, మరీ చలిగా ఉంటే దుప్పటి. తెల్ల దుప్పటి మాత్రం వద్దు, ఇక్కడి జింక పారిపోయేటప్పుడు ఎత్తే తోక కింద తెలుపే. తెల్ల రుమాలు కూడా బయటికి తీయకండి.

లోపల మోడ్రన్ థర్మల్స్ వేసుకోవచ్చా అంటే వేసుకోండి, ఎవడు చూస్తాడు. ఉన్నివే కొనండి కానీ.

ఎందుకు, పాలిస్టర్ అయితే ఏమవుద్ది?

గిన్నెలో మందు అంటుకున్నప్పుడు రవ్వలు పక్కకి, ముఖం వైపుకి కూడా చిమ్ముతాయి. ఉన్ని మీద పడితే మాడి ఆరిపోద్ది, నార మీద పడితే చిన్న కంత. పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటది. నా పాత ఫ్లీస్ జాకెట్ కుడి చేయి మీద చుక్కలు చుక్కలుగా గట్టిపడ్డ మచ్చలు ఇంకా ఉన్నాయి. ఎడమచేతి వాటం వాళ్ళు కుడి లాక్ తుపాకీతో కాలిస్తే గిన్నె సరిగ్గా ముఖం ముందే ఉంటది, వాళ్ళు ఇంకా జాగ్రత్త.

ఆరెంజ్ వేసుకోవాలా? అది పీసీ కాదు కదా?

ప్రాణం కూడా పీసీ కాదు మరి. పెన్సిల్వేనియాలో మామూలు రైఫిల్ జింకల సీజన్ లోనూ, అక్టోబర్ మజిల్‌లోడర్ సీజన్ లోనూ తల, రొమ్ము, వీపు కలిపి 250 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ చుట్టూ ఎటు చూసినా కనపడేలా ఉండాలి. క్రిస్మస్ తర్వాత ఫ్లింట్‌లాక్ సీజన్ లో తప్పనిసరి కాదు, అందుకే మావాళ్ళు ఈ బట్టలకి ఆ సీజనే ఎంచుకుంటారు. కానీ కొన్ని ఏరియాల్లో అదే రోజుల్లో వేరే గన్ సీజన్లు కూడా నడుస్తుంటాయి, రూల్స్ ఏటా మారతాయి, ఆ ఏడు లైసెన్స్ తో వచ్చే పుస్తకం చదవకుండా వెళ్ళొద్దు. ఇంట్లో నారింజ రంగు అద్దిన ఉన్ని గుడ్డ ఫ్లోరసెంట్ కిందకి రాదు. నేను రూల్ లేని రోజుల్లో కూడా నడిచేటప్పుడు ఆరెంజ్ వెస్ట్ వేసుకుంటా, కూర్చున్నాక తీసి చెట్టుకి కడతా. ఫోటోల్లో బాగోదు, నిజమే.

కళ్ళద్దాలు, ఫోన్?

కళ్ళద్దాలు తప్పకుండా ఉండాలి, రవ్వలు చెప్పాగా. గుండ్రటి పాతకాలం ఫ్రేముల్లో మీ పవర్ తో గట్టి లెన్స్ వేయించుకోవచ్చు. ఫోన్ సంచి అడుగున, సైలెంట్ లో. ఒంటరిగా వెళ్తే ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి.

సంచి, కొమ్ము సంగతి?

మందు కొమ్ము, తోలు సంచి కుడి పక్కన మోచేతి కింద పడేలా. సంచిలో ఎక్కువ వస్తువులు పెట్టకండి: గుండ్లు, కొవ్వు రాసిన గుడ్డ ముక్కలు, రెండు స్పేర్ రాళ్ళు, కంత పొడిచే పిన్ను, స్క్రూ తిప్పేది. అంతే. నేను మొదట్లో చిన్న కిరాణా కొట్టు మోశా. వర్షం వస్తే లాక్ మీద కట్టడానికి కొవ్వు పట్టించిన తోలు ముక్క ఒకటి ఉంటది, "కౌస్ నీ" అంటారు, ఆవు మోకాలు అన్నమాట. అది లేకపోతే తడి రోజు ఇంట్లో కూర్చోవటం మేలు. కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ పోయొద్దు, లోపల నిప్పు కణిక మిగిలి ఉంటే కొమ్మంతా చేతిలోనే పేలుద్ది, విడి కొలత గొట్టంలో పోసుకుని అప్పుడు పోయాలి.

ఇందులో మన దేశానిది ఏమైనా ఉందా?

ఉంది, అదే నాకు భలే ఇష్టం. ఆ రోజుల్లో అమెరికాలో మామూలు జనం మెడకి కట్టుకున్న రుమాళ్ళల్లో ఇండియా నుంచి వచ్చినవి చాలా ఉండేవి, వాటిలో ఒక రకం పేరే "పులికాట్". అవును, మన సూళ్ళూరుపేట పక్కనున్న సరస్సు పేరు, ఆ ఒడ్డున ఉన్న రేవు పేరు. "బందానా" అనే మాట కూడా మన బాంధనీ నుంచి వచ్చిందే. బ్రిటిష్ వాళ్ళ తుపాకి మందులో పడే సురేకారం కూడా ఎక్కువ భాగం బీహార్, బెంగాల్ నుంచి వెళ్ళింది. నేను మెడకి గళ్ళ నూలు రుమాలు కట్టుకుంటే, సంక్రాంతికి మామయ్య భుజాన వేసుకునేలా ఉంది అని మా అక్క వెక్కిరించింది. ఉండనీ, ఒంటి మీద అన్నిటికంటే కరెక్ట్ గా ఉన్నది అదే.

ఇండియా వచ్చినప్పుడు ఇలా వేటాడొచ్చా?

కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, జింక మీద చెయ్యి వేస్తే జైలే. నాటు తుపాకీకి కూడా లైసెన్స్ కావాలి. ఊళ్ళో షర్టు వేసుకుని ఫోటో దిగండి, తుపాకీ లేకుండా.

వీసా మీద ఉన్నాను, చేయొచ్చా?

హెచ్‌వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకులు పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. ఫ్లింట్‌లాక్ ని ఫెడరల్ చట్టం పాతకాలం వస్తువు కింద వేరేగా చూస్తది. కానీ స్టేట్ రూల్స్ వేరు, మందు కొనే రూల్స్ వేరు. ఇమిగ్రేషన్ లాయర్ ని అడగండి, నన్ను కాదు. లైసెన్స్ కొత్తగా తీసుకునేవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ క్లాస్ పాస్ అవ్వాలి.

దారాలు లెక్కపెట్టేవాళ్ళు తప్పులు పడితే?

పడతారు. మెషిన్ కుట్టు అని మూడడుగుల దూరం నుంచే కనిపెట్టే ఒక పెద్దాయన తెలుసు నాకు. కోపం తెచ్చుకోకండి, అలాంటివాళ్ళకే ఎక్కువ తెలుసు. ఆయన దగ్గరే నేను చేతికుట్టు నేర్చుకున్నా. పైకి కనపడే కుట్లు చేత్తో, లోపలివి మెషిన్ మీద, అదీ నా రాజీ.

ఆ వాసన ఎలా పోద్ది?

తుపాకి మందు మసి కుళ్ళిన గుడ్డు కంపు, గంధకం కదా. నార బట్టలు చల్లటి నీళ్ళల్లో నానబెట్టి మామూలు సబ్బుతో ఉతకండి. ఉన్ని మెషిన్ లో వేయొద్దు, నా రెండో వెయిస్ట్‌కోట్ ఇప్పుడు మా ఏడేళ్ళ వాడికి సరిగ్గా సరిపోతుంది. దులిపి రెండు రోజులు బయట గాలికి ఆరేస్తే చాలు. ఇంట్లోకి తెచ్చే ముందు మడతలు వెతకండి, పోయిన జనవరిలో రొమ్ము మడతలోంచి సగం చపాతీ బయటపడింది, పీచు చుట్టుకుని, మసి పట్టి, బండలా.